పొదిలికి సరిపడా చార్జింగు

గుంటూరు నుంచి పొదిలికి వెళ్ళి రావడం యాత్ర కిందకి రాదని నాకు తెలుసు. ఆర్టీసీ బస్సులో జనం రోజూ వెళ్తారు, మధ్యలో నిద్రపోతారు, దిగి ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఎవరూ రాసుకోరు. కానీ మేం వెళ్ళింది కరెంటు కారులో. అదీ అరువు తెచ్చుకున్న కారులో, ఏసీ ఆపుకొని, గంటకి యాభై అయిదు దాటకుండా. ఆ వేగంతో పోతే పొదిలి కూడా దూరదేశమే.

ఎందుకు వెళ్ళామో ముందు చెప్పాలి. నా భార్య సునీత లెక్కల టీచరు. ఈ మార్చిలో ఆమెకి హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. బడి ఉన్న ఊరు మా ఇంటికి నలభై అయిదు కిలోమీటర్లు. ఆ ఊరికి బస్సు ఉంది. పొద్దున వెళ్ళదు, అంతే. ఒప్పుకుంటున్నట్టో, ప్రమోషన్ వద్దనో సోమవారం ఆఫీసులో రాసివ్వాలి. ఆరేళ్ళ కిందట కూడా ఒకసారి ఇలాగే వస్తే వద్దని రాసిచ్చింది. ఆ కాగితం రాసిపెట్టింది నేనే. నా దస్తూరి బాగుంటుంది.

మా పెట్రోలు కారు వయసు పద్నాలుగు. రోజూ తొంభై కిలోమీటర్లు తిరగమంటే అది కూడా వద్దని రాసిచ్చేలా ఉంది. సరిగ్గా అప్పుడే మా కాలేజీ ఫిజిక్స్ లెక్చరరు రామ్మోహనరావు గారు తన కరెంటు కారు అమ్ముతానన్నారు. ఆయన నాలుగో అంతస్తు ఫ్లాట్‌లోకి మారారు. కింద ప్లగ్గు పెట్టుకోనివ్వడం లేదట. "రెండు రోజులు తోలి చూడండి. సోమవారం సాయంత్రానికి చెబితే చాలు. ఒంగోలు వాళ్ళెవరో కూడా అడుగుతున్నారు" అన్నారు.

నేను కామర్స్ చెబుతాను కాబట్టి కంప్యూటర్లో పట్టిక వేశాను. పెట్రోలు ఒక వరస, కరెంటు ఒక వరస, టైర్లు, ఇన్సూరెన్సు. 'బ్యాటరీ పోతే' అని ఒక గడి పెట్టి, అందులో ఏం రాయాలో తెలియక ప్రశ్నార్థకం పెట్టాను. దాంతో మొత్తం పట్టిక పనిచేయడం మానేసింది.

"పొదిలి వెళ్ళొద్దాం" అన్నాను. పొదిలిలో సునీత మేనత్త ప్రేమలీలమ్మ గారుంటారు. నూట నలభై అయిదు కిలోమీటర్లు. అక్కడికి వెళ్ళి రాగలిగిన కారు ఎక్కడికైనా వెళ్తుందని నా వాదం.

సునీత నావైపు చూసింది. "కారు బాగుందని తెలుసుకోవడానికి వెళ్తున్నామా, బాగాలేదని చెప్పడానికా?"

నేను టైర్లలో గాలి చూడ్డానికి లేచాను. అప్పటికే 'ప్రమోషన్ వద్దు' కాగితం ఒకటి తెల్ల కాగితం మీద రాసి, తేదీ వేయకుండా, ఆ కరెంటు కారు సొరుగులో పెట్టి ఉన్నాను. మనిషన్నాక ముందుజాగ్రత్త ఉండాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. సునీత లైసెన్సు తీసుకుని నాలుగేళ్ళయింది. ఊళ్ళో తోలుతుంది. హైవే మీద నేను పక్కనుండగా ఎప్పుడూ తోలలేదు. నేను పక్కనుంటే ఎవరూ తోలలేరని ఆమె అభిప్రాయం.

*చిలకలూరిపేట: ఎనభై రెండు శాతం*

శనివారం పొద్దున ఎనిమిదింటికి నూరు శాతంతో బయల్దేరాం. ఇంట్లో పెట్టిన చార్జింగు, రెండు వందల చిల్లర. పెట్రోలుకైతే ఒకవైపుకే వెయ్యి దాటేది. ఆ సంతోషం నాకు ప్రత్తిపాడు రోడ్డు దాకా ఉంది. తర్వాత అంకె తగ్గడం మొదలైంది.

"తొంభై ఆరు" అన్నాను. "తొంభై అయిదు." కాసేపాగి, "తొంభై నాలుగు."

"ఏమండీ, మీరు బండి తోలుతున్నారా, వేలం పాడుతున్నారా?" అంది సునీత.

చిలకలూరిపేట దగ్గర రోడ్డు పక్కన తుమ్మచెట్లకి దూది అంటుకుని ఉంటుంది. పత్తి లారీల మీంచి ఎగిరి పడినది. కొత్తవాళ్ళు చూస్తే చెట్టే కాసిందనుకుంటారు. అక్కడ ఒక పెట్రోలు బంకులో చార్జింగు పెట్టే చోటుందని ఫోను చెప్పింది. ఫోను చెప్పింది నిజమే. చోటుంది. ఆ చోటులో పత్తి బేళ్ళ లారీ ఉంది. చార్జింగు పెట్టె మీద ఎర్ర తువ్వాలు ఆరేసి ఉంది.

లారీ డ్రైవరు కిందే కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. నా కారు చూసి మర్యాదగానే అడిగాడు.

"ఎంతసేపు పెడతారు సార్?"

"ముప్పావు గంట."

"ముప్పావు గంటా? ఈలోపు నేను లోడు దించి, ఇంటికెళ్ళి, నీళ్ళు పోసుకునొస్తా." పొట్లం మడిచి లేచాడు. "తీస్తాలెండి. కానీ అది పనిచెయ్యదు. పనిచేస్తే నేనిక్కడ పెట్టను గదా."

అది న్యాయంగానే ఉంది. ఆ పెట్టె తెర మీద ఇంగ్లీషులో క్షమాపణ కనబడుతోంది. మేం పదిహేను రూపాయల టీ తాగాం. ఈలోపు నలుగురు కారు చుట్టూ చేరారు. కరెంటు కారు కనబడితే మనవాళ్ళు మూడే ప్రశ్నలు వేస్తారు: ఎంత పడింది, ఎంత ఇస్తుంది, దారిలో ఆగిపోతే ఏంటి? మూడో ప్రశ్న అడిగేటప్పుడు ముఖాల్లో కొంచెం ఆశ కూడా కనిపిస్తుంది.

*మార్టూరు: డెబ్భై మూడు*

మార్టూరులో ఆగాల్సిన పని లేదు. కానీ హైవే పక్కన టీ కొట్టు దగ్గర ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. తల నుంచి కాలిదాకా తెల్లటి రాతిపొడి. కనుబొమలు కూడా తెల్లగా ఉంటే నాకంటే పెద్దవాడనుకుని "ఏం కావాలండీ" అన్నాను.

"సార్, నేను మస్తాన్ వలిని. బీకాం, చివరి బెంచీ. అద్దం దించుకొని వస్తున్నారు, చూడంగానే గుర్తుపట్టా."

చివరి బెంచీ వాళ్ళు మమ్మల్ని గుర్తుంచుకుంటారు. మొదటి బెంచీ వాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. మస్తాన్ అక్కడ గ్రానైటు పాలిష్ యూనిట్ నడుపుతున్నాడు. రోడ్డు మీంచే పెద్ద పెద్ద పలకలు, వాటి మీద నీళ్ళు చిమ్ముతూ తిరిగే మిషన్లు కనబడ్డాయి.

"బ్రేక్ ఈవెన్ అని మీరు బోర్డు మీద గీత గీసేవారు గుర్తుందా సార్? లాభం నష్టం రెండూ లేని చోటు. తొమ్మిదేళ్ళ నుంచి వెతుకుతున్నా. ఇంకా రాలేదు."

"వస్తుందిలే" అన్నాను. అప్పట్లో కూడా అదే చెప్పినట్టున్నాను.

కారు చుట్టూ ఒకసారి తిరిగి, "తిరిగొచ్చేటప్పుడు కావాలంటే మా దగ్గర ప్లగ్గు పెట్టుకోండి సార్. రేపు ఆదివారం, మిషన్లు ఆడవు. కరెంటు ఊరికే ఉంటది" అన్నాడు.

"అంత అవసరం రాదులే మస్తాన్" అని హుందాగా చెప్పాను. సునీత మాత్రం అతని ఫోను నంబరు రాసుకుంది.

*అద్దంకి దాటాక: యాభై ఎనిమిది, కన్నీళ్ళు*

నా లెక్క ప్రకారం ఏసీ వేస్తే చార్జింగు తొందరగా అయిపోతుంది. అందుకని గుంటూరు నుంచీ అద్దాలు దించి ఉంచాను. మార్చి ఎండలో అది గాలి కాదు, పెనం మీది ఆవిరి. అయినా భరించాం. అద్దంకి దాటి దర్శి వైపు తిరిగాక రోడ్డుకి రెండు పక్కలా మిరప కళ్ళాలు మొదలయ్యాయి. ఎకరాలకెకరాలు ఎర్రగా ఆరబోసిన కాయలు. చూడ్డానికి ఎంత బాగుందో చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను. అదే పొరపాటు.

మొదటి తుమ్ము నాది. రెండోది సునీతది. ఏడో ఎనిమిదో తుమ్ము దగ్గర కారు రోడ్డు దిగి ఒక కళ్ళం అంచున ఆగింది. దాన్ని నేనే ఆపానని ఇప్పటికీ చెబుతున్నాను.

కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు ఏడెనిమిదిమంది, ముక్కులకి కొంగులు కట్టుకుని ఉన్నారు. వాళ్ళలో పెద్దామె నీళ్ళ సీసా పట్టుకొచ్చింది. కోటమ్మ అని పిలుస్తున్నారు.

"ఏందయ్యా, ఏసీ కారు పెట్టుకొని అద్దాలు దించుకొని మిరప కళ్ళాల్లోకొస్తారా ఎవురన్నా?"

"చార్జింగు మిగుల్చుదామని" అన్నాను, తుమ్ముల మధ్య.

"మిగుల్చుకొని ఏం జేస్తావు? ఆసుపత్రికి బోతావా?"

వెనకనున్నవాళ్ళు పనాపి నవ్వారు. కోటమ్మ నీళ్ళు ముందు సునీతకిచ్చింది. ఆమె నోటివెంట ఆ మూడు ప్రశ్నల్లో ఒక్కటీ రాలేదు. "నువ్వు తోలవా అమ్మా?" అని అడిగింది.

"తోలతాను" అంది సునీత.

"మరి ఈయనకెందుకిచ్చావు?"

దీనికి సునీత చాలాసేపు నీళ్ళు తాగింది.

*పొదిలి: ముప్పై ఆరు, తర్వాత నలభై ఆరు*

దర్శిలో భోజనం, ఎండ తగ్గేదాకా ఒక చింతచెట్టు నీడ, తర్వాత మళ్ళీ నా యాభై అయిదు. పొదిలి చేరేసరికి సాయంత్రం ఆరు. ప్రేమలీలమ్మ గారు వరండాలో బియ్యం ఏరుతున్నారు. కారు ఆమె పక్కనే ఆగినా తలెత్తలేదు. సునీత "అత్తా" అనేసరికి చేట జారి బియ్యం ఒలికాయి.

"వందనాలమ్మా, వందనాలు! చప్పుడు లేకుండా దొంగల్లాగా వచ్చారేంటి అల్లుడుగారూ?"

"కరెంటు కారండీ, అత్తయ్యగారూ. చప్పుడు రాదు."

"ఇంటికొచ్చే అల్లుడు చప్పుడు చెయ్యాలి. కూర ఒకటి ఎక్కువ చేసేదాన్ని."

ఆమె రిటైరైన టీచరు. ఇల్లు చర్చి ఆవరణలోనే, గోడకి గోడ. ఇంటికీ చర్చికీ కలిపి ఒకటే కరెంటు మీటరు. నీళ్ళ మోటారు ప్లగ్గుకి ఏడింటికి కారు తగిలించాను. పొద్దుటికి నూరవుతుంది. ఆ రాత్రి జొన్నరొట్టె, చింతచిగురు వేసి వండిన రొయ్యపొట్టు. మేం గుంటూరు వాళ్ళం, కారం మాదేననుకుంటాం. పొదిలిలో ఒక ముద్ద తిన్నాక ఆ మాట అనడం మానేశాను.

తినేటప్పుడే ప్రమోషన్ సంగతి వచ్చింది. కారు నమ్మకమైనదో కాదో చూడాలి కదండీ అని నేను నెమ్మదిగా వివరించాను. బ్యాటరీ, దూరం, ఎండ. ఆమె అంతా విన్నారు.

"నాకు మొదటి పోస్టింగు ఇచ్చిన ఊరికి బస్సు లేదు. మిరపకాయల లారీ ఎక్కి వెళ్ళేదాన్ని. డ్రైవరు పక్కన కూర్చుని, తుమ్ముకుంటా. మూడేళ్ళు. ఆ లారీ నమ్మకమైనదా అని ఎవరూ చూళ్ళేదు" అని నా పళ్ళెంలో ఇంకో రొట్టె వేశారు. "సునీతమ్మా, ఇంతకుముందొకటి వచ్చిందిగా. అదెందుకు వద్దన్నావు?"

సునీత నావైపు చూడలేదు. "అప్పుడు ఆ ఊరికి బస్సు లేదత్తా."

ఆరేళ్ళ కిందట ఆ మాట అన్నది నేను. ఆమె నోట వినేసరికి అంత బలంగా అనిపించలేదు.

ఆ రాత్రి ఫోనులో శాతం చూడకూడదని సునీత నాచేత ఒట్టేయించుకుంది. హాయిగా నిద్రపోయాను. ఆదివారం తొమ్మిదింటికి చర్చికి తయారై కారు దగ్గరకెళ్ళి చూస్తే నలభై ఆరు.

నేను ప్లగ్గు చూశాను, తీగె చూశాను. ప్రేమలీలమ్మ గారు బైబిలు చంకలో పెట్టుకుని బయటికి వచ్చారు.

"ఎనిమిదింటికే తీసేశానయ్యా. పడుకోబోయేముందు గ్యాసూ స్విచ్చులూ కట్టేయడం నా అలవాటు. రాత్రంతా ఫోను పెడితేనే పేలిపోతుందంటారు. అంత బండిని పెట్టి నిద్రెలా పోతాం?"

చిన్నప్పటి నుంచి మా ఇంట్లోనూ అదే చెప్పారు. ఏ ఇంట్లోనైనా చివరగా పడుకునేవాళ్ళు చేసే పని అదే. ఈ కారు తయారుచేసినవాళ్ళకి ఇలాంటి అత్తయ్యలు ఉండి ఉండరు.

మళ్ళీ స్విచ్చు వేశాను. అరగంటకి ఆరాధన మొదలైంది. పన్నెండు ఫ్యాన్లు, మైకు, కీబోర్డు. రెండో పాట మూడో చరణంలో మైకు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి. జనం పాడుతూనే ఉన్నారు. పాస్టరు గారు కిటికీలోంచి వరండా వైపు చూశారు. ఆయన వెనకే అందరూ చూశారు. నేనూ చూశాను, అదెవరి కారో అన్నట్టు.

ఫ్యూజు మళ్ళీ వేయడానికి పావుగంట పట్టింది. ప్రసంగం చివర పాస్టరు గారు ప్రయాణాల్లో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థన చేశారు. "ప్రభువా, నీ బిడ్డల వాహనానికి కూడా బలము దయచేయుము" అన్నారు. ఆమేన్ చాలా గట్టిగా వచ్చింది. ఫ్యాన్లు తిరుగుతున్నందుకు అయి ఉండొచ్చు.

అప్పటికి యాభై రెండు శాతం. ఇంటికి నూట నలభై అయిదు కిలోమీటర్లు. సాయంత్రం దాకా ఉండి చార్జింగు పెట్టుకుందామంటే, పొద్దుటి ఫ్యూజు వల్ల పాస్టరు గారు మోటారు ప్లగ్గుకే తాళం వేయించారు. నా లెక్క ప్రకారం కారు పరీక్ష తప్పింది. ఆ మాట మెల్లగా, బాధ నటిస్తూ ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

*తిరుగుదారి: తెలియదు*

బయల్దేరుతుంటే ప్రేమలీలమ్మ గారు ఏడాది కారానికని అయిదు కిలోల ఎండుమిరపకాయలు సంచిలో పోసి ఇచ్చారు. చర్చి వాళ్ళ పొలంలోవి. నాకు కాయల గురించి కొంచెం తెలుసని అందరికీ తెలియాలి కదా. నాలుగు కాయలు తీసి, తొడిమలు తుంచి, గింజలు నలిపి చూసి, "మంచి ఘాటు" అన్నాను. తర్వాత చెమట పడుతోందని కళ్ళు తుడుచుకున్నాను.

తర్వాతి పది నిమిషాలు వర్ణించను. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగినవాడు చేయకూడని పని అది. చివరికి తడి తువ్వాలు కళ్ళమీద వేసి, నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టారు. తాళం సునీత చేతికి వెళ్ళింది.

"రేపు వెళ్దాం" అన్నాను తువ్వాలు కిందనుంచి.

"రేపు సోమవారం."

ఆ తర్వాత వరసగా మూడు చప్పుళ్ళు వినబడ్డాయి. నాలుగు అద్దాలూ పైకి లేచాయి. ఏసీ మొదలైంది. కారు సొరుగు తెరుచుకుంది.

"ఏం వెతుకుతున్నావు?"

"మీకు తుడుచుకోవడానికి కాగితమేమన్నా ఉందేమోనని." ఏదో కాగితం విప్పిన చప్పుడు. తర్వాత కాగితం మడతపెడుతున్న చప్పుడు. నాకు ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

కారు కదిలింది. చల్లగాలి ముఖానికి తగులుతుంటే ప్రాణం లేచొచ్చింది. కానీ దాని ఖరీదు నాకు తెలుసు.

"ఎంతుంది?"

"చాలు."

"చాలు అంటే ఎంత?"

"సున్నా వస్తే చెప్తాను. ఈలోపు కళ్ళు మూసుకోండి."

కళ్ళు మూసుకునే ఉన్నాను. ఆ రెండు గంటలూ నేను విన్నదే యాత్ర. లారీని దాటేటప్పుడు ఒక్కసారే హారను. గేదెలు అడ్డమొచ్చినప్పుడు ఆగి, అవి వెళ్ళేదాకా ఊరుకోవడం. ఒకచోట వేగం తగ్గింది. "కోటమ్మ" అంది సునీత. "చెయ్యి ఊపుతోంది." ఆ తర్వాత వేగం తొంభైకి పోయి ఉంటుంది. నాకు కనబడలేదు కాబట్టి ఎనభై అనుకున్నాను.

*మళ్ళీ మార్టూరు: తొమ్మిది*

మస్తాన్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. సునీత పొదిలిలోనే ఫోను చేసిందట. "తొమ్మిదితో వచ్చారు మేడం! ఇంకొంచెం ఉంటే రాళ్ళ లారీ మీద ఎక్కించుకొద్దామనుకున్నా" అన్నాడు. అంకె నాకు అలా తెలిసింది.

ప్లగ్గు తగిలించాక మూడున్నర గంటలు. ఒకరి కరెంటు వాడుకుని ఆ ఇంట్లో తినకుండా వెళ్ళడం మా వైపు లేదు. పెట్రోలు బంకువాడు ఏనాడూ అన్నం పెట్టలేదు. మస్తాన్ భార్య మటన్ బిర్యానీ, గుత్తివంకాయ పంపింది. డబ్బా నిండా పాయసం కూడా. పట్టికలో ఈ ఖర్చు వేయలేదు. నేను మస్తాన్ ఇచ్చిన లుంగీ కట్టుకున్నాను, అందరం రాతిపలకల మీద కూర్చుని తిన్నాం. కళ్ళు కొంచెం తెరుచుకున్నాయి.

"చూశావా" అన్నాను సునీతతో. "ఇంటికి చేరడానికి ఒకరి దయ కావాల్సొచ్చింది. పొదిలికి సరిపోని బండి."

సునీత ఎముక పక్కన పెట్టింది. "పొదిలికి మనం ఏడాదికెన్నిసార్లు వెళ్తాం?"

"రెండు."

"నేను బడికెన్నిసార్లు వెళ్తాను?"

నేను లెక్కేస్తున్నట్టు నటించాను.

"రాను పోను తొంభై. ఏసీ వేసుకుని, మీరు లేకుండా తోలితే ఇంటికొచ్చేసరికి సగం మిగులుతుంది. ఈ పూటే చూశాను. రాత్రి మన ఇంట్లో ప్లగ్గు. స్విచ్చు నేనే చూసుకుంటాను."

మస్తాన్ చెయ్యి కడుక్కుంటూ, "పెళ్ళికొచ్చే జనానికని డేగిసా కొనుక్కుని, రోజూ దాంట్లోనే ఇద్దరికి వండుకోం గదా సార్" అన్నాడు. చివరి బెంచీ వాడు. నేను ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న పాఠం అతనికి ఒక్క ముక్కా రాలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

*గుంటూరు: పదిహేడు*

నలభై ఏడుతో మార్టూరులో బయల్దేరాం. కళ్ళు బాగానే ఉన్నాయి. తాళం అడిగే ధైర్యం లేదు. ఏడు కాకముందే ఇంటి ముందు ఆగాం. సునీత దిగి గేటు తీయడానికి వెళ్ళింది.

అప్పుడు చూశాను. స్టీరింగు వెనక అద్దం మీద, వేగం కనపడేలా, శాతం ఒక్కటీ కనపడకుండా, నాలుగు మడతల కాగితం దోపి ఉంది. తీశాను. పదిహేడు. కాగితం విప్పాను. నా దస్తూరి. 'సొంత కారణాల వల్ల ఈ ప్రమోషన్ స్వీకరించలేనని మనవి.' కింద సంతకానికి వదిలిన ఖాళీ ఖాళీగానే ఉంది. ఆమె చేతి మిరపకారం మాత్రం అంటుకుంది.

సోమవారం సునీత తన కాగితం తానే రాసుకుంది. అక్షరాలు నావంత గుండ్రంగా లేవు. ఆఫీసులో తీసుకున్నారు.

సాయంత్రం నేను రామ్మోహనరావు గారింటికి వెళ్ళాను. కారు మాకే ఉంచమని చెప్పి, ఊరి నుంచి తెచ్చిన మిరపకాయలు ఒక పొట్లం ఇచ్చాను. ఆయన విప్పి, కాయలు పళ్ళెంలో పోసి, కాగితం వెలుతురుకి పెట్టి చదివారు.

"ఇదేంటండీ, మేడం గారు ప్రమోషన్ వద్దంటున్నారా?"

"అది పాత సరుకండీ" అన్నాను. "కాయలు కొత్తవి. తిన్నాక కళ్ళు తుడుచుకోకండి."